నడుమునొప్పి: స్త్రీలు తెలిసికొనదగిన సంగతులు

మన యిండ్లలో నలుగురు స్త్రీలు కూడిన చోట నడుమునొప్పి ప్రసంగము రాకుండుట యరుదు. పేరంటమునకు వచ్చి చాపమీద కూర్చుండబోవుచు "అమ్మా" యని మోకాళ్లమీద చేయి యానించు నామె యొకతె; బిడ్డను చంకనుండి దింపి నడుము నులుముకొను నామె యొకతె; "పురుడు వచ్చిననాటినుండి యిది నన్ను విడువలేదు" అను నామె మఱియొకతె. అందఱును చెప్పుకొందురు, అందఱును విందురు, పిమ్మట తాంబూలములు పుచ్చుకొని యెవరియింటికి వారు పోవుదురు. ఆ నొప్పి యేల వచ్చినది, దేనివలన తగ్గును, ఎప్పుడు భయపడవలెను, ఎప్పుడు భయపడనక్కఱలేదు అను విచారము మాత్రము జరుగదు.

నేను వైద్యురాలను గాను. కాని మా పొరుగుననున్న యొక యిల్లాలి కథ నన్ను ఈ విషయమై నాలుగు గ్రంథములు చదువునట్లును, తెలిసిన వైద్యులను ప్రశ్నించునట్లును చేసినది. ఆమెకు ముప్పదినాలుగేండ్లు. వానకాలమున నాట్లకు పోవును, పిమ్మట పత్తి తీయుటకు పోవును. ఒక యేడు నడుము నొప్పి నెలల తరబడి తగ్గకపోగా పట్నములోని యొక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినది. అచ్చట స్కానింగు తీసి, "గర్భసంచి పాడైనది, తీయించుకొననిచో ముందుముందు క్యాన్సరగును" అని చెప్పిరట. చేతి గాజులు తాకట్టు పెట్టి యామె ఆపరేషను చేయించుకొన్నది. రెండు నెలలు పనికి పోలేదు కనుక నొప్పి కొంత నెమ్మదించినది. మరల మళ్లలోనికి దిగిన వారమునకే యెప్పటివలె వచ్చి కూర్చుండినది. ఒకనాడు మా వాకిట కూర్చుండి నన్నడిగినది: "అక్కా, సంచి పోయింది గాని నొప్పి పోలేదు. ఇంక ఏది తీయించుకోవాలి?"

ఈ ప్రశ్నకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఇది యామె యొక్కతె కథ యనుకొందురేమో, కాదు. 2015-16 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో గర్భాశయమును తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశములో 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది యని తేలినది. దేశములో నెల్ల మన తెలుగునాటనే యీ సంఖ్య యెక్కువ. అందఱును అనవసరముగా తీయించుకొన్నారని నేననను. గర్భాశయములో గడ్డలు, ఆగని రక్తస్రావము, క్యాన్సరు మొదలగువానికి ఈ చికిత్స ప్రాణరక్షకమే. కాని నడుమునొప్పియు, తెల్లబట్టయు కారణములుగా చెప్పి తీసివేసిన గర్భాశయము లెన్నియో కలవని యీ ప్రాంతములలో పనిచేసినవారు చాలకాలముగా మొఱపెట్టుచున్నారు. అనవసరపు ఆపరేషనులను ఆపుటకై కేంద్రప్రభుత్వము 2022లో నియమములను ఏర్పఱచినది. వానిని మూడు నెలలలో అమలులో పెట్టవలెనని 2023 ఏప్రిలులో సుప్రీంకోర్టు రాష్ట్రముల నన్నిటిని ఆజ్ఞాపించినది.

కావున మొదట నడుమనగా నేమో చూతము. మన వెన్నెముకలో కదలెడు పూసలు 24. మెడయందు 7, వీపునందు 12, నడుమునందు 5. వానిక్రింద ఒకదానితో నొకటి అతుకుకొనిపోయిన త్రికమును, దాని కొసయందు చిన్న ముక్కయు నుండును. నడుములోని యీ యైదు పూసలే పైశరీరపు బరువు నంతను మోయుచు, వంగుట, లేచుట, ప్రక్కకు తిరుగుట మొదలగు పనులకు లోబడుచుండును. పూసకును పూసకును మధ్య ఒక మెత్తని బిళ్ల గలదు. దానినే డిస్కు అందురు. దాని అంచు గట్టి నారతో అల్లినట్లుండును. లోపల గుజ్జు వంటి పదార్థముండును. పూసల వెనుకనున్న గొట్టములో మెదడునుండి వచ్చు వెన్నుపాము నడుముయొక్క మొదటి రెండు పూసలయొద్దనే ముగిసి, అచ్చటినుండి నరములు గుఱ్ఱపుతోక వలె పాయలుగా క్రిందికి దిగి కాళ్లకును, మూత్రాశయమునకును, మలద్వారమునకును పోవును. ఈ గుఱ్ఱపుతోకను జ్ఞాపకముంచుకొనుడు. దానితో ముందు పని కలదు. ఎముకల కూర్పు ఎంత గట్టిదైనను దానియంతట నది నిలువజాలదు. ఓడకొయ్యను నలువైపుల బిగించి నిలుపు మోకుల వలె కడుపు కండరములు, వీపు కండరములు, పిఱుదుల కండరములు దానిని నిలుపుచున్నవి. మోకులు సడలినయెడల కొయ్య యూగును.

నడుమునొప్పి గలవారిలో నూటికి తొంబదిమందికి ఇదిగో యీ యెముక చెడినది, ఈ బిళ్ల జాఱినది యని చూపదగిన యొక్క కారణము దొరకదు. ఇది వైద్యుని తెలివితక్కువ గాదు. కండరములు, కీళ్లు, స్నాయువులు, బిళ్లలు అన్నియు కొంచెము కొంచెముగా అలసి, బెణికి, బిగుసుకొని కలిగించు బాధ యది. బిందె యెత్తబోవగా "కలుక్కు"మని నడుము పట్టివేయుట మీకందఱకును తెలియును. ఆ క్షణమున నేదో విఱిగినట్లే తోచును. కాని విఱిగినదేమియు నుండదు. కండరములు భయపడి బిగుసుకొని, కదలవద్దని కాపలా కాయుచుండును. ఇట్టి నొప్పులలో చాలభాగము ఆరు వారములలోపల చాలవఱకు తగ్గును. మరల మరల వచ్చుట కూడ సామాన్యమే. ఈ రెండు మాటలును ముందే తెలిసియున్నచో సగము భయము పోవును.

పూర్వకాలపు స్త్రీలు రోళ్లలో దంచిరి, తిరుగండ్ల విసరిరి, నేలమీది పొయ్యియొద్ద వంగి వండిరి, వారికి నడుమునొప్పి లేదే, మిక్సీలు వచ్చిన తరువాతనే గదా వచ్చినది యని పెద్దలు తఱచుగ ననుచుందురు. నాకీ మాటయందు నమ్మకము లేదు. మా యమ్మమ్మగారి వంగిన నడుమును నేను కన్నులార చూచితిని. వారికి నొప్పి లేక కాదు, అడిగినవారు లేక! అయితే ఒక్క సంగతి నిజము. వారు ఒక గంట దంచి, ఒక గంట చెరిగి, మధ్య నీళ్లకు నడచి వచ్చెడివారు. పని కఠినమైనను శరీరము ఒకే భంగిమలో నుండిపోవుట తక్కువ. నేడు నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీ ఒడిలో చాట పెట్టుకొని ముందునకు వంగి ప్రొద్దుటినుండి ప్రొద్దుగ్రుంకువఱకు కూర్చుండును. కుట్టుమిషను త్రొక్కునామె, కంప్యూటరు ముందు ఉద్యోగము చేయునామె, వరినాట్లు వేయునామె, వీరందఱి పని వేర్వేఱైనను నడుమునకు కలుగు కష్టమొక్కటే: మార్పులేని భంగిమ. వీనికి తోడు బరువులు. ఇంటికి వచ్చు గ్యాసుబండలో గ్యాసు 14.2 కిలోలే యైనను ఇనుపబండతో కలిసి సుమారు ముప్పది కిలోలుండును. తాగునీటి డబ్బా ఇరువది కిలోలు. ఇవి రెండును ఇంటిలో మగవారు లేనివేళనే అయిపోవుటలో నేదో దైవరహస్యమున్నది!

గర్భవతులలో సుమారు సగముమందికి నడుమునొప్పి వచ్చును. కడుపు పెరిగి బరువు ముందునకు వచ్చును. కాన్పునకు అనుకూలముగా కటిభాగపు కట్లు వదులగును. కడుపు కండరములు సాగిపోవును. కాన్పయిన కొన్ని నెలలకు చాలమందికి ఇది తగ్గును. ఇచ్చట నొక అపోహను గూర్చి చెప్పవలెను. "ఆపరేషనప్పుడు వెన్నులో పొడిచిన మత్తుసూదివలననే నాకీ నొప్పి" యని చెప్పని తల్లి నేడు మన దేశమున లేదు. 2019-21 సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశములో 42.4 కాన్పులు కడుపుకోసి చేసినవే కనుక ఈ మాట ఇంటింటను వినబడుట వింతగాదు. సూది పొడిచిన చోట కొన్ని దినములు నొప్పి యుండును. కాని ఏండ్ల తరబడి నుండు నడుమునొప్పికి ఆ సూది కారణము కాదని, సూది వేయించుకొన్నవారిని వేయించుకొననివారిని పోల్చి చూచిన పరిశోధనలలో తేలినది. పసిబిడ్డను ఎత్తుట, దింపుట, వంగి స్నానము చేయించుట, రాత్రులు నిద్రలేకుండుట, కడుపు కండరములు మరల గట్టిపడకుండుట, అసలు కారణములివి. సూదిని నిందించుచు కూర్చున్నచో వీనిని సవరించుకొను ఆలోచన పుట్టదు.

తెల్లబట్ట సంగతియు నిట్టిదే. ఎముకలు కరగి తెల్లబట్టగా పోవుచున్నవనియు, అందుచే నడుము గుల్లయగుచున్నదనియు మన ఆడవారిలో గొప్ప నమ్మకము. ఎముకలు ఆ దారిని కరగిపోవు. వాసన, దురద, రంగు గల తెల్లబట్ట యైనచో అది అంటువలన గలిగినది, మందులతో నయమగును, దానిని దాచుకొనక వైద్యురాలికి చెప్పవలెను. గర్భాశయమునకు సంబంధించిన నడుమునొప్పి లేకపోలేదు. ముట్టు దినములలో వచ్చి వానితో పోవునది, పొత్తికడుపు నొప్పితో కలిసి వచ్చునది, మాయ జాఱుటవలన సాయంకాలమునకు లాగుచున్నట్లుండునది అట్టివి. కాని వంగినపుడు, లేచినపుడు, బరువెత్తినపుడు హెచ్చి, అటునిటు తిరిగినపుడు మాఱు నొప్పికి గర్భాశయమును తప్పుపట్టుట పిల్లి చేసిన పనికి కుక్కను కొట్టుటయే. పైగా గర్భాశయముతోపాటు అండాశయములను కూడ తీసివేసినచో ముట్లు ఒక్కనాటనే యుడిగి ఎముకలు త్వరగా గుల్లబాఱును. నడుమునొప్పికని చేయించుకొన్నది పదేండ్లకు నడుమునే విఱుచునన్నమాట. ఎవరైన గర్భసంచి తీయవలెనన్నచో, ఏ జబ్బు గలదు? మందులతో పోదా? అండాశయములను ఉంచెదరా? అని యడుగుడు, వేఱొక వైద్యురాలి అభిప్రాయము గూడ తీసికొనుడు. అడిగినంతమాత్రమున కోపించు వైద్యునియొద్దనుండి లేచి వచ్చుటలో దోషము లేదు.

ఇక చికిత్స. "నడుము పట్టినదా, పడుకో" అనుట మనకు తరతరముల అలవాటు. వైద్యులును చాలకాలము అట్లే చెప్పిరి. 1995లో ఫిన్లాండు దేశమున హెల్సింకి నగర ఉద్యోగులలో క్రొత్తగా నడుము పట్టిన 186 మందిని మూడు తెగలుగా విభజించిరి. ఒక తెగను రెండు దినములు మంచముమీద పరుండ నియమించిరి. రెండవ తెగచే ప్రత్యేకవ్యాయామములు చేయించిరి. మూడవ తెగను నొప్పి ఓర్చుకొనగలిగినంతవఱకు మామూలు పనులు చేసికొమ్మనిరి. అందఱికంటె త్వరగా కోలుకొన్నవారు మూడవ తెగవారు. అందఱికంటె ఆలస్యముగా కోలుకొన్నవారు పరుండినవారు. కండరములు పనిలేక కొద్దిదినములలోనే బలహీనమగును, బిగుసుకొనును, మనస్సులో భయము పెరుగును. కాబట్టి నొప్పి తీవ్రముగానున్న ఒకటి రెండు పూటలు ఒరిగి, పిమ్మట లేచి ఇంటిలోనే యైనను మెల్లగా తిరుగవలెను. దీనినిబట్టి అత్తవారు, "పత్రికలోనే వ్రాసినారు, లేచి నీళ్లు తోడు" అనునట్లు చేయవలదని మనవి. మెల్లగా కదలుట వేఱు, బరువులు మోయుట వేఱు.

కాపడము మంచిది. ఉప్పుమూట వెచ్చచేసి కాచుటగాని, వేడినీళ్ల సంచి గుడ్డలో చుట్టి పెట్టుటగాని బిగుసుకొన్న కండరములను సడలించును. బాలింతలకు వావిలాకు కాచిన నీళ్లు పోయుటలోని సుఖము చాలవఱకు ఆ వేడిమిదే యని నా యభిప్రాయము. నూనె రాచి మెల్లగా మర్దించుటయు హాయినిచ్చును. కాని ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుమును తన్నించుకొను ఆచారము మాత్రము మానవలెను. మా పిన్నతల్లిగారు ఎదురుకాళ్లతో పుట్టినది. చిన్నతనమున ప్రతి యుదయమును వీధిలో నెవరో యొకరు వచ్చి యామె తన్నులకై కాచుకొనియుండెడివారట. నొప్పి తనంతట తగ్గు దినమున తన్ను తగిలినవారందఱును ఆమె మహిమను చాటిరి. ఎముకలు గుల్లబాఱిన ముసలమ్మను తన్నినచో పూస నలిగిపోవును.

మందులలో వాపును తగ్గించు నొప్పిమాత్రలు కొన్నిదినములు ఉపయోగించును. కాని కడుపులో పుండు, మూత్రపిండములకు హాని కలుగవచ్చును గనుక మందుల దుకాణములో అడిగి తెచ్చుకొని నెలల తరబడి మ్రింగరాదు. రక్తపుపోటు, మధుమేహము గలవారును, గర్భవతులును వైద్యుని అడుగక ముట్టరాదు. పేరు తెలియని పొట్లాల మందులు, వెంటనే గుణమిచ్చు సూదిమందులు వాడినవారు ఎముకలు గుల్లచేసికొన్న సందర్భము లెన్నో కలవు. అట్టివానిలో తఱచుగా స్టీరాయిడు కలిసియుండును. నడుమునకు బెల్టు కట్టుకొనుటయు నేడు గొప్ప వాడుకయైనది. ఎన్నాళ్లనుండియో పట్టియున్న నడుమునొప్పికి బెల్టులను, బరువులు వ్రేలాడదీసి లాగుటను, నల్లమందు జాతి మందులను మామూలుగా వాడవలదని ప్రపంచారోగ్యసంస్థ 2023 డిసెంబరులో సలహా యిచ్చినది. వ్యాయామము, రోగికి తన నొప్పిని గూర్చి తెలియజెప్పుట, మనస్సునకు ధైర్యము గలిగించు పద్ధతులు, మర్దనము మొదలగువానిని మేలని చెప్పినది. ఎన్నాళ్లకును మానని నొప్పి యనగా మూడు నెలలు మించినది.

నొప్పి కొందఱికి పిఱుదునుండి తొడ వెనుకగా పాదమువఱకు నిప్పుతీగవలె పాకును. దీనిని మన వైద్యశాస్త్రములలో గృధ్రసి యనిరి. రోగి నడక గ్రద్ద నడక వలె నుండునని ఆ పేరు. ఇంగ్లీషు వైద్యులు సయాటికా యందురు. బిళ్లలోని గుజ్జు వెలికివచ్చి నరమును ఒత్తుటచే నిది కలుగుచున్నదని 1934లో బోస్టను నగరపు వైద్యులు మిక్స్టరు, బారు అనువారు లోకమునకు స్పష్టముగా చూపిరి. అప్పటినుండి బిళ్ల యనిన అందఱకును భయము. ఎం.ఆర్.ఐ. తీయించి "డిస్కు ఉబ్బినది" అను నివేదికను చేతిలో పట్టుకొని ఏడ్చు స్త్రీలను నేను చూచితిని. 1994లో అమెరికాలో నడుమునొప్పి యేనాడును బాధింపని 98 మందికి ఈ పరీక్షయే చేయగా, వారిలో సగముమందికి పైగా బిళ్ల ఉబ్బియే యున్నది! తల నెరయుట వంటిదే యిదియు. పైగా వెలికివచ్చిన గుజ్జు చాలమందిలో తనంతట తానే కుంచించుకొనిపోవును. 2007లో హాలండు దేశమున సయాటికా గల 283 మందిలో కొందఱికి వెంటనే ఆపరేషను చేసి, కొందఱిని వేచియుండుమని చెప్పి చూడగా, మొదటివారికి నొప్పి త్వరగా తగ్గినను, సంవత్సరము తిరుగునప్పటికి ఇరువురును సమానముగానే యుండిరి.

అయితే ఏమాత్రమును వేచియుండరాని స్థితి యొకటి కలదు. దానిని గూర్చి వ్రాయుటకు సిగ్గుపడి లాభము లేదు. ఇంతకుముందు చెప్పిన గుఱ్ఱపుతోక నరములు ఒక్కుమ్మడిగా నలిగినపుడు, పీటమీద కూర్చుండునపుడు పీటకు తగులు భాగమంతయు మొద్దుబాఱును. మూత్రము రాక నిలిచిపోవును, లేదా తెలియకయే పోవును. మలము నిలుపుకొను శక్తి తప్పును. కాళ్లు రెండును బలము తప్పును. మా వదినగారికి నలువదియొకటవ యేట మూడు వారములనుండి కాలిలోనికి నొప్పి దిగుచుండెను. ఒక ఉదయమున మూత్రము రాలేదు. "వేడిచేసినది" అనుకొని ధనియాల నీళ్లు త్రాగినది. స్పర్శ తెలియకుండుటను గూడ గమనించినది. కాని ఇంటిలో భర్త, ఎదిగిన కొడుకు. వారితో ఎట్లు చెప్పుట? మూడవనాడు నాకు ఫోనుచేసి ఏదో వంటసంగతి యడుగుచు నడుమ నీ మాట చెప్పినది. ఆ రాత్రియే ఆపరేషను జరిగినది. కాలు బాగుపడినది, నడచుచున్నది. కాని మూత్రాశయము మరల స్వాధీనమునకు రాలేదు. నేటికిని దినమునకు నాలుగైదుమార్లు సన్నని గొట్టముతో మూత్రము తీసికొనుచున్నది. మొదటినాడే చెప్పియున్నచో నేమగునో యెవరును నిశ్చయముగా చెప్పలేరు. కాని ఈ జబ్బున గంటలు గూడ లెక్కకు వచ్చునని వైద్యులందురు. ఈ లక్షణములు కనబడిన అర్ధరాత్రియైనను పెద్ద ఆసుపత్రికి పోవలెను. భర్తతో చెప్పలేనిచో కూతురితో చెప్పుడు, పొరుగామెతో చెప్పుడు. ఎవరితోనైన చెప్పుడు.

దీనియంత తొందర లేకున్నను ఆలస్యము చేయగూడనివి మఱికొన్ని కలవు. నడుమునొప్పితో సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, ఆకలి లేకుండుట, పడుకొన్నను విడువక రాత్రి లేపు నొప్పి యున్నచో వెన్నెముకకు క్షయ తగిలెనేమో చూపించుకొనవలెను. క్షయ ఊపిరితిత్తులకు మాత్రమే వచ్చునని చాలమంది తలపు. మన దేశమున వెన్నుపూసలకు వచ్చుటయు తఱచే. ప్రభుత్వాసుపత్రులలో దీనికి మందులు ఉచితముగా నిత్తురు. పూర్తిగా వాడినచో నయమగును. అశ్రద్ధచేసినచో పూస కూలి గూని యేర్పడి కాళ్లు పడిపోవును. లోగడ క్యాన్సరు వచ్చి నయమైనవారును క్రొత్త నడుమునొప్పిని తేలికగా తీసికొనరాదు. యౌవనములోనున్నవారికి తెల్లవాఱుజామున నడుము కొయ్యబాఱి, తిరిగినకొలది సడలుచున్నచో అది కీలువాపు జాతిది. దానికి ప్రత్యేకమైన మందులు కలవు.

ముట్లుడిగిన స్త్రీల సంగతి వేఱుగా చెప్పవలెను. అప్పటినుండి ఎముకలలోని సారము త్వరగా తగ్గును. జాఱి కూలబడినంత మాత్రముననో, బిందె దింపినంత మాత్రముననో పూస నలిగి, ఒక్కసారిగా నొప్పి పట్టును. కొందఱికి నొప్పియు తెలియక ఏటేట పొడవు తగ్గి వీపు వంగును. ముసలితనమునకు వంగుట సహజమని మనమూరకుందుము. ఎముకల పటుత్వమును కొలుచు పరీక్ష కలదు, మందులు కలవు. పాలు, పెరుగు, రాగిసంకటి, నువ్వులు, ఆకుకూరలు తినుటయు, ఎండలో కొంతసేపు తిరుగుటయు నడివయసునుండియే అవసరము. ఇంటిల్లిపాదికి వడ్డించి మిగిలిన మజ్జిగతో సరిపెట్టుకొనువారికి ఈ వాక్యము రెండుమార్లు చదువుమని నా ప్రార్థన.

మన నేలకు చెందిన కారణమింకొకటి. 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడువలన మనుష్యుల యెముకలు బిగుసుకొనిపోవుచున్నవని వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లాలోని మునుగోడు, మఱ్ఱిగూడ ప్రాంతములవారి బాధ లోకమెఱిగినదే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న బోరునీళ్లు ఏండ్ల తరబడి త్రాగినచో వెన్ను, నడుము, కీళ్లు కొయ్యబాఱును. అట్టి యూళ్లవారు బోరునీటిని మాని శుద్ధిచేసిన నదీజలములే త్రాగుటకును, వండుటకును వాడవలెను. దీనికి తైలములు పనికిరావు.

ఇక మిగిలిన తొంబదిమందికి, అనగా మనకు, వ్యాయామమే మందు. వెల్లకిల పరుండి మోకాళ్లు ముడిచి, ఒక్కొక్క మోకాలిని కడుపుమీదికి లాగికొని పది యంకెలు లెక్కించి విడువవలెను. అట్లే పరుండి పాదములు నేలకానించి నడుమును, పిఱుదులను మెల్లగా పైకెత్తి నిలిపి దింపవలెను. చేతులు, మోకాళ్లు నేలమోపి, పిల్లి ఒళ్లు విఱుచుకొన్నట్లు వీపును పైకి వంచి, మరల క్రిందికి దింపవలెను. బోరగిల పరుండి చేతులపై ఛాతీని కొంచెము లేపుట భుజంగాసనము; కొందఱికిది హాయినిచ్చును, కొందఱికి హెచ్చుచేయును; హెచ్చినచో మానుడు. ఒక్కొక్కటి పదేసి మార్లు చేసిన పది నిమిషములలో ముగియును. వీనికంటె సులభమైనది నడక. 2024లో ఆస్ట్రేలియాలో నడుమునొప్పి వచ్చి తగ్గిన 701 మందిలో, క్రమముగా నడక పెంచుకొన్నవారికి మరల నొప్పి వచ్చువఱకు సుమారు 208 దినములు పట్టినది. తక్కినవారికి 112 దినములే. నడకకు ఖర్చు లేదు, మగవాని యనుమతి తప్ప! అనుమతి దొరకని యిండ్లలో డాబామీద నడువవచ్చును.

బరువెత్తునపుడు దానిని పొట్టకు దగ్గఱగా పట్టుకొనుడు. ఎత్తుచునే ప్రక్కకు తిరుగకుడు. గ్యాసుబండను ఎత్తక అంచుమీద దొర్లించుడు. వంటగట్టు పొట్టిదైనచో కూరలు తరుగుటకు పలకక్రింద ఎత్తు పెట్టుకొనుడు. గంటకొకసారి భంగిమ మార్చుడు. కటికనేలమీద పరుండిన నడుము బాగుపడునని చెప్పుదురు గాని, 2003లో స్పెయినులో 313 మందిపై చేసిన పరీక్షలో మిక్కిలి గట్టి పఱుపుకంటె నడితరపు గట్టిదనము గల పఱుపే మేలని తేలినది.

ఒక్కమాట మిగిలినది. దిగులు, నిద్రలేమి, ఇంటిపోరు ఇవి నొప్పిని హెచ్చించును. ఇట్లు చెప్పగనే "అదంతయు మనోవ్యాధి, పని తప్పించుకొను ఎత్తు" అనువారు కలరు. వారు తప్పుగా నర్థము చేసికొన్నారు. నొప్పి నిజమైనదే, దుఃఖము దానిని పెంచుటయు నిజమే. నెలల తరబడి నడుము నొచ్చు స్త్రీని, "రాత్రి నిద్రపట్టుచున్నదా?" అని యడుగువారు ఇంటిలో నొక్కరున్నను మేలు.

మా పొరుగు ఇల్లాలికి నేను చెప్పగలిగిన దింతే. తీయించుకొనవలసిన దేమియు లేదంటిని. ప్రభుత్వాసుపత్రిలో ఎముకల వైద్యునికి చూపించితిమి. అండాశయములను గూడ తీసివేసిరని అచ్చట కాగితములు చూచిన తరువాతనే యామెకు తెలిసినది. కాల్షియము మాత్రలు, ఎముకలకు మందు వాడుచున్నది. ప్రొద్దున పదినిమిషములు ఈ వ్యాయామములు చేయుచున్నది. నొప్పి పూర్తిగా పోలేదు, సగమైనదనుచున్నది. ఈ వానకాలమున నాట్లలో ఒక్కొక్క మునుము ముగియగనే ఒడ్డున నిలువుగా నిలిచి, చేతులు నడుముమీద నుంచి, వెనుకకు నాలుగుమార్లు వంగుచున్నదట. మేస్త్రి మొదట కసరెను. ఇప్పుడు తక్కిన ఆడవారును నిలుచుచున్నారు.